తప్పిపోయిన అడుగులు: మోటారును మెల్లగా పరుగెత్తించే లెక్క

తెనాలి దగ్గర మా బంధువుల ఊళ్లో ఒక చెక్క నగిషీ షెడ్డు ఉంది. ఒకప్పుడు అక్కడ నలుగురు మేస్త్రులు ఉలితో సింహద్వారాలు చెక్కేవారు. ఇప్పుడు ఆ పనిలో ఎక్కువ భాగం సీఎన్‌సీ మిషన్ చేస్తోంది. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే, గిరగిర తిరిగే బిట్టు టేకు పలక మీద లతలూ నెమళ్లూ చెక్కుకుంటూ పోతుంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు షెడ్డు యజమాని, నేను బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి, పాడైపోయిన ఒక పలకను చూపించారు. రెండున్నర అడుగుల మంచి టేకు. నెమలి మెడ వరకు చక్కగా వచ్చింది. అక్కడి నుంచి బొమ్మంతా ఒక పక్కకు జరిగిపోయింది. మెడ ఒకచోట, తల ఒకచోట.

"పలక సరిగ్గా బిగించలేదమ్మా వీడు. పని జరుగుతుండగా కదిలిపోయింది," అన్నారు బాబాయ్. మిషన్ నడిపే కుర్రాడికి ఇరవై ఏళ్లు ఉంటాయి. పలక ఖరీదులో కొంత ఆ నెల జీతంలోంచి కోశారట. "నేను గట్టిగానే బిగించానక్కా," అని మాత్రం అన్నాడు. అంతకు మించి వాదించలేదు.

"నువ్వు ఫిజిక్సు చదివావు కదమ్మా, ఒకసారి చూడు," అన్నారు బాబాయ్, సగం సరదాగా. చూశాను. ఈ వ్యాసం ఆ పలక గురించీ, దాని వెనక ఉన్న లెక్క గురించీ. త్రీడీ ప్రింటర్లోనూ, ఆసుపత్రిలో మందును బొట్టుబొట్టుగా ఎక్కించే సిరంజి పంపులోనూ, అపార్టుమెంటు లిఫ్టులోనూ ఏదో ఒక రూపంలో ఇదే లెక్క నడుస్తుంది. ప్రశ్న చిన్నదే: నిలబడి ఉన్న మోటారును పూర్తి వేగానికి ఎలా తీసుకెళ్లాలి? అక్కడి నుంచి మళ్లీ ఎలా ఆపాలి?

చెప్పినన్ని అడుగులే వేసే మోటారు

ఇలాంటి మిషన్లలో వాడేది స్టెప్పర్ మోటారు. ఫ్యాను మోటారుకు కరెంటు ఇస్తే ఆగకుండా తిరుగుతుంది. స్టెప్పర్ మోటారు అలా కాదు, అడుగులు వేస్తుంది. సాధారణంగా దొరికే రకంలో తిరిగే భాగానికి 50 పళ్లుంటాయి. చుట్టూ ఉన్న విద్యుదయస్కాంతాలను ఒక వరసలో వెలిగిస్తూ పోతే, నాలుగు అడుగులకు ఆ భాగం ఒక పన్నంత దూరం జరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 200 అడుగులు, ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీలు. ఈ అడుగును కూడా డ్రైవర్ అనే సర్క్యూట్ ఇంకా చిన్న అడుగులుగా విడగొడుతుంది. బాబాయ్ మిషన్లో ఒక్కో అడుగును ఎనిమిదిగా విడగొట్టారు. అంటే ఒక చుట్టుకు 1600 చిన్న అడుగులు. మోటారుకు తగిలించిన మరస్క్రూ ఒక చుట్టు తిరిగితే బిట్టు 10 మిల్లీమీటర్లు జరుగుతుంది. కాబట్టి ఒక మిల్లీమీటరుకు 160 చిన్న అడుగులు.

ఈ అడుగులు వేయమని ఆజ్ఞాపించేది మైక్రోకంట్రోలర్. ప్రాసెసరు, మెమరీ, టైమర్లు అన్నీ ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్ అది. అది ఒక పల్సు పంపితే మోటారు ఒక చిన్న అడుగు వేస్తుంది. బిట్టు సరిగ్గా 25 మిల్లీమీటర్లు జరగాలంటే 4000 పల్సులు పంపితే చాలు. కొలిచి చూసే సెన్సరు అక్కర్లేదు. ఈ మోటారు చవకగా దొరకడానికీ, ఇంతగా వాడుకలోకి రావడానికీ కారణం ఇదే.

దాని బలహీనత కూడా అదే. పల్సు పంపాక మోటారు నిజంగా అడుగు వేసిందా లేదా అన్నది చిప్పుకు తెలియదు. వేసిందనే నమ్ముతుంది. వేయకపోతే చిప్పు లెక్కలో బిట్టు ఒకచోట ఉంటుంది, పలక మీద మరోచోట ఉంటుంది.

ఒక్కసారిగా పరుగెత్తమంటే

బరువైన తోపుడు బండిని కదిలించేవాళ్లను గమనించండి. మొదట ఒళ్లంతా వంచి మెల్లగా కదిలిస్తారు, తర్వాతే నడక వేగం పెంచుతారు. నిశ్చలంగా ఉన్న వస్తువు అలాగే ఉండిపోవాలని చూస్తుంది. దాన్నే జడత్వం అంటాం. మోటారు కూడా తన ఇనుప రోటరును, స్క్రూను, దాని మీద కూర్చున్న స్పిండిల్ బరువును కలిపి కదిలించాలి. వేగం ఎంత త్వరగా పెరగాలంటే అంత ఎక్కువ బలం కావాలి. న్యూటన్ రెండో నియమం ఇక్కడ రోజూ చేసే పనే.

బిట్టు సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంతో పోవాలంటే సెకనుకు 16,000 పల్సులు కావాలి. నిలబడి ఉన్న మోటారుకు మొదటి పల్సు నుంచే ఆ వేగంతో ఆజ్ఞలు పంపితే ఏమవుతుంది? రోటరు మొదటి అడుగు పూర్తి చేయకముందే అయస్కాంత క్షేత్రం చాలా ముందుకు వెళ్లిపోతుంది. రోటరు దాన్ని అందుకోలేక ముందుకీ వెనక్కీ ఊగి, 'జుయ్'మని శబ్దం చేస్తూ ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. మోటారు తీగచుట్టలో కరెంటు పూర్తిగా పెరగడానికి కొంత సమయం పడుతుంది. మెల్లగా తిరిగేటప్పుడు ఆ సమయం దొరుకుతుంది. వేగం పెరిగేకొద్దీ, కరెంటు పూర్తిగా ఎక్కకముందే తర్వాతి చుట్ట వంతు వచ్చేస్తుంది. పైగా తిరిగే మోటారు తనకు ఎదురుగా వోల్టేజీని పుట్టిస్తుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ మోటారు మెలితిప్పే బలం, అంటే టార్క్, తగ్గిపోతుంది. పరుగులో ఉన్నప్పుడే దానికి ఓపిక తక్కువ. సరిగ్గా అప్పుడే ఇంకా వేగం పెంచమని అడిగితే జారిపోతుంది.

కాబట్టి వేగాన్ని మెట్లుమెట్లుగా పెంచాలి. దారి మధ్యలో నిలకడగా నడిపి, చివర్లో మళ్లీ తగ్గించుకుంటూ రావాలి. గ్రాఫు గీస్తే వేగం మొదట ఏటవాలుగా ఎక్కి, మధ్యలో చదునుగా సాగి, చివర ఏటవాలుగా దిగుతుంది. చూడటానికి గట్టులా ఉండే ఈ ఆకారాన్ని సమలంబ చతుర్భుజం పేరుతో పిలుస్తారు.

గెలీలియో లెక్క, తిరగేసి

త్వరణం సెకనుకు సెకనుకు 500 మిల్లీమీటర్లు అనుకుందాం. సున్నా నుంచి 100 మిల్లీమీటర్ల వేగం రావడానికి 0.2 సెకను పడుతుంది. ఈలోగా బిట్టు 10 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే మోటారు సరిగ్గా ఒక చుట్టు, 1600 చిన్న అడుగులు. ఈ 1600 అడుగుల్లో ప్రతి రెండింటి మధ్యా విరామం వేరు. ఏ విరామం ఎంతో చిప్పు లెక్కకట్టాలి.

ఇక్కడే గెలీలియో గుర్తొస్తాడు. వాలుబల్ల మీద బంతిని దొర్లించి ఆయన గమనించిన సంగతిని 1638లో అచ్చయిన పుస్తకంలో వివరించాడు: త్వరణం స్థిరంగా ఉంటే, సమాన కాలాల్లో బంతి పోయే దూరాలు 1, 3, 5, 7 వరసలో పెరుగుతాయి. స్టెప్పర్ మోటారుది దీనికి తిరగేసిన సమస్య. ఇక్కడ దూరాలు సమానం, ఎందుకంటే ప్రతి అడుగూ ఒకే కొలత. మారాల్సింది కాలం. దూరం కాలం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, కాలం దూరం వర్గమూలంతో పెరుగుతుంది. మొదటి అడుగుకు పట్టే కాలాన్ని 1 అనుకుంటే, రెండు అడుగులకు కలిపి 1.414, మూడింటికి 1.732, నాలుగింటికి 2. విడివిడిగా చూస్తే 1, 0.414, 0.318, 0.268.

మన ఉదాహరణలో మొదటి అడుగుకు 5 మిల్లీసెకన్లు. రెండోదానికి 2.07. నూరో అడుగుకు వచ్చేసరికి పావు మిల్లీసెకను. 1600వ అడుగు విరామం 0.0625 మిల్లీసెకను, అంటే సెకనుకు 16,000 అడుగులు. అనుకున్న వేగం వచ్చేసింది.

కాగితం మీద తేలికే. కానీ చిప్పు సంగతేమిటి? ఆర్డుయినో ఊనో బోర్డు మీద ఉండే ఏటీమెగా328పీ చిప్పు సెకనుకు కోటీ అరవై లక్షల సార్లు కొట్టుకునే గడియారంతో నడుస్తుంది. ఎక్కువే అనిపిస్తుంది. కానీ పూర్తి వేగంలో రెండు పల్సుల మధ్య దానికి దొరికేది వెయ్యి గడియారపు దెబ్బలే. ఇది 8 బిట్ల చిప్పు, దశాంశాల లెక్కలకు విడిగా యంత్రాంగం లేదు. ఒక్క వర్గమూలం కట్టడానికే వందల దెబ్బలు పోతాయి. మూడు మోటార్లనూ ఒకేసారి నడపాలి, కంప్యూటర్ నుంచి వచ్చే ఆజ్ఞలను చదువుకోవాలి. ప్రతి అడుగుకూ వర్గమూలం కట్టే తీరిక దానికి లేదు.

వర్గమూలం లేకుండా

2005లో డేవిడ్ ఆస్టిన్ అనే ఇంజనీరు ఒక పత్రికా వ్యాసంలో దీనికి చక్కని దారి చూపాడు. ప్రతి విరామాన్నీ మొదటి నుంచి లెక్కకట్టే బదులు, పాత విరామం నుంచి కొత్తదాన్ని రాబట్టవచ్చు. పద్ధతి ఇది: అడుగు సంఖ్యను నాలుగుతో గుణించి ఒకటి కలపండి. పాత విరామాన్ని రెండింతలు చేసి ఆ సంఖ్యతో భాగించండి. వచ్చినదాన్ని పాత విరామంలోంచి తీసేయండి. అంతే, కొత్త విరామం వచ్చేస్తుంది. ఒక గుణకారం, ఒక భాగహారం, ఒక తీసివేత. అన్నీ పూర్ణాంకాలతోనే.

ఇది ఉజ్జాయింపు. అడుగుల సంఖ్య పెరిగేకొద్దీ నిజమైన జవాబుకు దగ్గరవుతుంది. మొదటి ఒకటి రెండు అడుగుల్లో మాత్రం తేడా ఎక్కువ. అందుకే మొట్టమొదటి విరామాన్ని 0.676తో గుణించి మొదలుపెట్టమన్నాడు ఆస్టిన్. మన లెక్కలో చూద్దాం. మొదటి విరామం 5 మిల్లీసెకన్లు, అంటే 80,000 దెబ్బలు. 0.676తో గుణిస్తే 54,080. పద్ధతి ప్రకారం తర్వాతివి 32,448, 25,237, 21,355. అసలు రావాల్సినవి 33,137, 25,427, 21,436. మూడో అడుగుకే తేడా ఒక శాతం లోపుకు, నాలుగోదానికి అర శాతం లోపుకు వచ్చింది.

ఇందులో అనుకోకుండా కలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఆ చిప్పులోని 16 బిట్ల టైమరు 65,535 వరకే లెక్కపెట్టగలదు. 80,000 అందులో పట్టదు, 54,080 పడుతుంది. త్వరణం ఇంకా తగ్గిస్తే ఇదీ పట్టదు. అప్పుడు టైమరును ఎనిమిది దెబ్బలకు ఒకసారి లెక్కపెట్టేలా మెల్లగా నడుపుతారు.

రాసేవాళ్లు తరచూ మరిచిపోయేది భాగహారంలో మిగిలే శేషం. పూర్ణాంకాల భాగహారంలో ప్రతిసారీ కొంత మిగులుతుంది. దాన్ని పారేస్తూ పోతే, వందల అడుగుల తర్వాత వేగం అనుకున్నదానికి దూరమవుతుంది. మిగిలిన చిల్లరను దాచి తర్వాతి లెక్కలో కలిపే కొట్టువాడిలా, శేషాన్ని తర్వాతి అడుగుకు మోసుకుపోవాలి.

చిప్పులో ఇదంతా నడిచే తీరు అలారం పెట్టుకుని పనిచేసే మనిషి తీరు. టైమరులో విరామాన్ని నింపుతారు. గడువు తీరగానే చిప్పు చేస్తున్న పని ఆపి, పల్సు పంపి, తర్వాతి విరామం నింపి, మళ్లీ పాత పనిలోకి వెళ్తుంది. ఈ ఆపడాన్ని ఇంటరప్ట్ అంటారు. పల్సు పంపడం ఏ కారణం వల్లనైనా ఆలస్యమైతే మోటారుకు అది చిన్న తొట్రుపాటు. అందుకే విరామాల లెక్క ఎంత తక్కువ సమయంలో ముగిస్తే అంత మంచిది.

ఆపడం మొదలుపెట్టేది ఎప్పుడు

వేగం పెంచడం కన్నా తగ్గించడంలో ముందుచూపు ఎక్కువ కావాలి. సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంలో ఉన్న బిట్టు అదే త్వరణంతో ఆగాలంటే మరో 10 మిల్లీమీటర్లు కావాలి. గమ్యానికి 10 మిల్లీమీటర్ల ముందే బ్రేకు వేయడం మొదలుపెట్టాలి. ఒక్క మిల్లీమీటరు ఆలస్యం చేసినా, ఆగాల్సిన చోటు దాటిపోతుంది. లేదంటే ఉన్న దూరంలోనే ఆపబోయి అడుగులు జారుస్తుంది. కదులుతున్న బరువును ఆపడానికీ బలం కావాలి. అడుగులు తప్పేది బయలుదేరేటప్పుడే కాదు, ఆగేటప్పుడు కూడా.

దూరం తక్కువైతే పూర్తి వేగం అసలు రాదు. ఒక నెమలి ఈక గీత పొడవు 5 మిల్లీమీటర్లనుకుందాం. సగం దూరం వేగం పెంచుకుని, మిగతా సగం తగ్గించుకోవాలి. గ్రాఫు గట్టులా కాక త్రిభుజంలా ఉంటుంది. గరిష్ఠంగా వచ్చే వేగం సెకనుకు 50 మిల్లీమీటర్లే. మొత్తం పట్టేది 0.2 సెకను. నగిషీ పనిలో గీతలన్నీ ఇలాంటి చిన్నవే. అందుకే గరిష్ఠ వేగం సెట్టింగు ఎంత పెంచినా పని త్వరగా అవ్వదు. త్వరణం పెంచితే అవుతుంది. త్వరణాన్ని నాలుగు రెట్లు చేస్తే అదే గీతకు పట్టే సమయం సరిగ్గా సగమవుతుంది. కానీ మోటారు మీద పడే జడత్వ భారం నాలుగు రెట్లవుతుంది. ఈ వాక్యం దగ్గరే నాకు బాబాయ్ పలక మీద అనుమానం వచ్చింది.

వంపులకు మరో ఏర్పాటు ఉంది. కంప్యూటర్ ఒక వంపును వందల చిన్న సరళరేఖలుగా ముక్కలు చేసి పంపుతుంది. ప్రతి ముక్క చివరా ఆగి మళ్లీ బయలుదేరితే పని ఎప్పటికీ తెమలదు. అందుకే ప్రోగ్రాము ముందు వచ్చే ముక్కలను కూడా చూసుకుంటుంది. నార్వే ప్రోగ్రామర్ సిమెన్ స్వాలే స్కోగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టిన జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాము ఈ పనిని ఆ 8 బిట్ల చిప్పులోనే చేసి చూపించింది. దాని ఇటీవలి రూపం ఒకేసారి 16 ముక్కలను చేతిలో ఉంచుకుంటుంది. చివరి ముక్క తర్వాత ఏముందో తెలియదు కాబట్టి, అక్కడ ఆగాల్సి రావచ్చనే అనుకుంటుంది. ఆ ముక్క పొడవు 2 మిల్లీమీటర్లయితే, దానిలోకి అడుగుపెట్టే వేగం సెకనుకు దాదాపు 45 మిల్లీమీటర్లు మించకూడదు. అలా వెనక నుంచి ముందుకు లెక్క కట్టుకుంటూ వస్తుంది. మలుపు పదునుగా ఉంటే వేగం తగ్గిస్తుంది, దాదాపు సూటిగా ఉంటే అలాగే పోనిస్తుంది. ఘాట్ రోడ్డులో కనిపించినంత మేరను బట్టే వేగం పెట్టుకునే డ్రైవరు చేసేదీ ఇదే.

కరెంటు పోతే మాత్రం ఈ తెలివంతా వృథా. బిట్టు పరుగులో ఉండగా సరఫరా ఆగితే, ఎక్కడ ఆగిందో చిప్పుకు తెలియదు. అందుకే అలాంటప్పుడు మిషన్‌ను మళ్లీ మొదటి గుర్తు దగ్గరకు తెచ్చుకునే పని మొదలుపెట్టాలి.

1.4 మిల్లీమీటర్ల సాక్ష్యం

ఇక బాబాయ్ పలక దగ్గరకు వద్దాం. మూడు అనుమానాలు. ఒకటి, కుర్రాడు పలకను సరిగ్గా బిగించలేదు. రెండు, మోటారునూ స్క్రూనూ కలిపే కప్లింగ్ జారింది. మూడు, మోటారు అడుగులు తప్పింది.

మొదటిదాన్ని కొట్టేయడానికి కుర్రాడు చెప్పిన ఒక్క మాట సరిపోయింది. పని మొదలుపెట్టేటప్పుడు బల్ల మీద ఒక పెన్సిల్ గుర్తు పెట్టి, బిట్టును అక్కడ సున్నాకు తెచ్చాడట. పలక పాడయ్యాక మిషన్‌ను సున్నాకు రమ్మంటే, ఆ గుర్తు దగ్గరకు రాకుండా పక్కన ఆగింది. "అదే చెప్పబోయానక్కా," అన్నాడు. ఆ తర్వాత ఎవరూ మిషన్‌ను ముట్టుకోలేదు. గుర్తుకూ బిట్టుకూ మధ్య దూరం కొలిచాం, 1.4 మిల్లీమీటర్లు. జరిగింది పలక అయితే బిట్టు తన సున్నాకు సరిగ్గా రావాలి. జరిగింది పలక కాదు, మిషన్ లెక్క.

తర్వాత పలక మీద గీతలు ఎక్కడెక్కడ పక్కకు జరిగాయో వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాం. మొదటి చోట సుమారు 0.4, రెండోచోట 1.0, చివర 1.4. మూడూ 0.2కు గుణిజాలు. ఇది ఊరికే వచ్చే సంఖ్య కాదు. అడుగు తప్పిన రోటరు ఎక్కడపడితే అక్కడ ఆగలేదు. మళ్లీ అయస్కాంత క్షేత్రానికి సరిపోయే చోటే పట్టు దొరుకుతుంది. అంటే ఒక పన్ను దూరం, నాలుగు పూర్తి అడుగులు, 7.2 డిగ్రీలు. బాబాయ్ మిషన్లో ఆ కోణానికి బిట్టు జరిగేది సరిగ్గా 0.2 మిల్లీమీటర్లు. మొత్తం ఏడు పళ్లు జారిందన్నమాట. చెక్క మీద కొలతలు అంత కచ్చితంగా ఉండవు కాబట్టి దీన్ని సూచనగానే తీసుకున్నాం, రుజువుగా కాదు.

రుజువు కోసం ఇంకో పరీక్ష పెట్టాం. కప్లింగ్ మీదా రెండు పక్కల కడ్డీల మీదా మార్కరుతో ఒకే గీత గీశాం. బిట్టు పైకెత్తి, పలక లేకుండా, మిషన్‌ను అటూ ఇటూ ఇరవై సార్లు పరుగెత్తించాం. మార్కరు గీత చెదరలేదు, కానీ బిట్టు సున్నాకు రాలేదు. కప్లింగ్ నిర్దోషి. జారింది మోటారే.

కంట్రోలర్ సెట్టింగులు తెరిచి చూస్తే, 120వ నంబరు దగ్గర త్వరణం 2000 అని ఉంది. కుర్రాడి దగ్గరున్న పాత కాగితంలో 500. గృహప్రవేశాల సీజన్లో ఆర్డర్లు పెరిగి, వేగం పెంచమని బాబాయే మెకానిక్‌ను అడిగారట. ఆయన వచ్చి నాలుగు రెట్లు చేసి వెళ్లాడు. అప్పటికి బాగానే నడిచింది. తర్వాత నెల రోజుల టేకు పొడి పట్టాల మీద పేరుకుంది, రాపిడి పెరిగింది. గట్టి చెక్కలో లోతుగా కోసేటప్పుడు ఆ భారమూ తోడైంది. మోటారుకు మిగిలిన కొద్దిపాటి బలం చాల్లేదు.

పట్టాలు తుడిచి, నూనె పెట్టి, త్వరణాన్ని 400 చొప్పున పెంచుతూ పరీక్షించాం. 1200 వరకు వంద పరుగుల్లోనూ గుర్తు తప్పలేదు. 1600 దగ్గర తప్పింది. అందులో సగం, 800, ఖాయం చేశాం. 5 మిల్లీమీటర్ల గీతకు పాత రోజుల్లో 0.2 సెకను, ఇప్పుడు 0.16. బాబాయ్ కోరుకున్నంత వేగం కాదు, కానీ మొదటికన్నా నయం. ఖాళీగా నడిచినప్పుడు పనిచేసే అంకెను అలాగే పెట్టేయకూడదు. చెక్క గట్టిదనానికీ, దుమ్ముకూ, వేడికీ కొంత బలం పక్కన ఉంచాలి.

త్వరణమూ ఒక్కసారిగా రాకూడదు

ఆర్టీసీ బస్సులో నిలబడి ప్రయాణించినవాళ్లకు తెలుసు, బస్సు పూర్తిగా ఆగే క్షణంలోనే ఒళ్లు ఊగిపోతుంది. అప్పటిదాకా స్థిరంగా ఉన్న బ్రేకు బలం ఒక్కసారి సున్నా అవుతుంది. మంచి డ్రైవరు ఆగబోయే ముందు బ్రేకు మీద కాలు కాస్త వదులు చేస్తాడు. త్వరణం మారే రేటును కుదుపు అంటారు. గట్టు ఆకారపు గ్రాఫులో మూలల దగ్గర త్వరణం ఒక్కసారిగా మారుతుంది. అక్కడ మిషన్ చట్రం అదురుతుంది, త్రీడీ ప్రింటులో అంచుల పక్కన అలల్లాంటి గీతలు పడతాయి. ఆ మూలలను గుండ్రంగా చేస్తే గ్రాఫు ఇంగ్లిష్ 'ఎస్' అక్షరంలా వంపు తిరుగుతుంది. లిఫ్టు కదిలినట్టే తెలియకుండా కదలడం వెనక ఉన్నది ఇలాంటి వంపే.

దారం లాగే చోట కూడా ఇది ముఖ్యమే. పోచంపల్లి చీరలకు ఆసు పోయడం అంటే మేకుల చుట్టూ దారాన్ని చేత్తో వేల సార్లు తిప్పడం. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆ పనికి యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. సన్నని పట్టుదారాన్ని తిప్పే ఏ యంత్రమైనా ఝటకాగా కదిలితే దారం తెగుతుంది, మరీ మెల్లగా కదిలితే రోజు పని సాగదు. బాబాయ్ షెడ్డులోని బేరమే అక్కడా.

అడుగులు వేయని మామూలు డీసీ మోటారుకు వేరే పద్ధతి. దానికిచ్చే కరెంటును సెకనుకు వేల సార్లు వేసి ఆపుతూ, వేసి ఉంచే వ్యవధిని మెల్లగా పెంచుతారు. నిశ్చలంగా ఉన్న డీసీ మోటారు ఎదురు వోల్టేజీని పుట్టించదు కాబట్టి, నేరుగా పూర్తి వోల్టేజీ ఇస్తే మొదటి క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. మెల్లగా పెంచితే ఆ దెబ్బ తప్పుతుంది. ఆపేటప్పుడు చలనంలో ఉన్న శక్తి ఎక్కడికో పోవాలి. మెట్రో రైళ్లలో దాన్ని తిరిగి కరెంటుగా మార్చి వాడుకుంటారు.

ఇప్పటి చిప్పులు ఆ 8 బిట్ల చిప్పుకన్నా చాలా చురుకైనవి. మన సీ-డాక్ వేగా శ్రేణిలో రూపొందించిన తేజస్32 చిప్పు 32 బిట్లది, సెకనుకు పది కోట్ల దెబ్బలతో నడుస్తుంది. దానితో వచ్చిన ఏరీస్ బోర్డులను విద్యార్థులు ఆర్డుయినో తరహాలోనే వాడుకోవచ్చు. రెండు పల్సుల మధ్య వెయ్యి బదులు 6,250 దెబ్బలు దొరుకుతాయి. అయినా మోటారు జడత్వం మారదు. ఎంత వేగమైన చిప్పు అయినా త్వరణం సెట్టింగులో తప్పు అంకె పెడితే, ఆ తప్పునే మరింత కచ్చితంగా అమలుచేస్తుంది.

ఇంట్లో చేసి చూడాలంటే

ఒక ఆర్డుయినో బోర్డు, ఏ4988 డ్రైవర్, చిన్న స్టెప్పర్ మోటారు, 12 వోల్టుల సరఫరా ఉంటే చాలు. ముందు నేరుగా సెకనుకు 2000 పూర్తి అడుగుల వేగంతో పల్సులు పంపి చూడండి. చాలాసార్లు మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. తర్వాత పైన చెప్పిన తీసివేత పద్ధతితో వేగాన్ని పెంచుకుంటూ వెళ్లండి. అదే మోటారు, అదే సరఫరా, అదే వేగం, ఇప్పుడు తిరుగుతుంది. కడ్డీకి చిన్న కాగితపు జెండా అతికించి, పది చుట్లు ముందుకు, పది చుట్లు వెనక్కు తిప్పండి. జెండా మొదటి చోటికే వచ్చి ఆగితే ఒక్క అడుగూ పోలేదన్నమాట. రెండు జాగ్రత్తలు: డ్రైవర్ మీది చిన్న మరతో కరెంటును మోటారుకు తగినంతకు సరిచేయండి, సరఫరా ఉండగా మోటారు తీగలు పీకకండి. అలా పీకితే డ్రైవర్ చిప్పు కాలిపోవచ్చు.

బయలుదేరే రోజు ఉదయం షెడ్డుకు వెళ్లాను. కొత్త పలక మీద నెమలి పూర్తయింది, మెడా తలా ఒకే గీతలో ఉన్నాయి. బాబాయ్ కుర్రాడి చేతిలో జీతంలో కోసిన డబ్బు పెట్టి, ఏమీ అనకుండా టీ తెమ్మని పంపారు. కుర్రాడు వెళ్లేముందు మిషన్ పక్క గోడ మీద సుద్దముక్కతో రాసిన అంకెను చూపించాడు: 800. దాని కింద చిన్న అక్షరాలతో, "మార్చాలంటే ముందు ఖాళీగా వంద సార్లు నడపాలి."